పరదేశంలో వెనెజువెలా కళాసభ: నిర్వాహకులకు ఒక మార్గదర్శిని

హ్యూస్టన్ నగరానికి పడమటి దిక్కున ఉన్న కేటీ పట్టణంలో కొన్నేళ్ల కిందట ఒక వెనెజువెలా సాంస్కృతిక సాయంత్రానికి నేను వలంటీరుగా పనిచేశాను. కార్యక్రమం మొదలై పది నిమిషాలైనా కాకముందే ముందు వరుసల్లోని వారు నవ్వుకుంటూ లేచి, చేతిసంచులు భుజాన వేసుకొని, పక్కవారిని కౌగిలించుకొని వీడ్కోలు చెప్పుకోవడం మొదలుపెట్టారు. ఏం తప్పు జరిగిందో అర్థంకాక మేము తెర పక్కన బిక్కమొహాలు వేసుకొని నిలబడితే, హార్ప్ వాయించే పెద్దాయన చేతులు తీగల మీదనే ఉంచి పగలబడి నవ్వుతున్నారు. మేము చేసిన పని ఏమిటంటే, అందరికీ తెలిసిన పాట కదా అని 'ఆల్మా యానేరా'ను రెండో అంశంగా పెట్టడం. కరాకస్‌లో 1914లో ప్రదర్శించిన ఒక సంగీత నాటకం కోసం రఫాయెల్ బొలీవర్ కొరొనాదో రాయగా పెద్రో ఎలియాస్ గుతియెర్రెస్ స్వరపరిచిన ఆ పాటను వెనెజువెలా ప్రజలు రెండో జాతీయగీతంగా భావిస్తారన్న సంగతి మాకు తెలుసు. విందులో ఆ పాట ఎత్తుకున్నారంటే ఇక ఇళ్లకు బయలుదేరమని గృహస్థు చెప్పకనే చెప్పినట్టని మాత్రం తెలియదు. వర్ణం కాగానే మంగళం పాడేసినట్టయింది మా పని.

ఆ సాయంత్రం నిజంగా ఎవరూ వెళ్లిపోలేదు. అది వాళ్లలో వాళ్ల పరిహాసం. అయితే హాలులో మిగిలిన సగంమందికి, అంటే వెనెజువెలా గురించి ఏమీ తెలియకుండా వచ్చిన అమెరికన్లకూ, మెక్సికన్లకూ, నా వెంట వచ్చిన నాలుగు తెలుగు కుటుంబాలకూ, ఆ నవ్వు ఎందుకో తెలియలేదు, మేము చెప్పనూ లేదు. విదేశంలో జరిగే వెనెజువెలా సభకు ఉండే అసలు చిక్కు ఇదే. ప్రతి పాటలో ప్రతి మాటా కంఠతా వచ్చిన ప్రవాసి ఒకవైపు, వారి జాతీయ నృత్యమైన హొరోపో పేరే మొదటిసారి వింటున్న పొరుగువాడు మరొకవైపు ఒకే వరుసలో కూర్చుంటారు. ఒకరికి తెలిసిన విషయం రెండోవారికి అందేలా, తెలిసినవారికి విసుగు పుట్టకుండా సభను అమర్చడమే నిర్వాహకుడి పని.

ఇటువంటి సభలకు ఇప్పుడు అవసరం పెరిగింది. దాదాపు 80 లక్షల మంది వెనెజువెలా పౌరులు దేశం వెలుపల ఉన్నారు. అత్యధికులు కొలంబియా, పెరూ దేశాల్లో ఉండగా, మాడ్రిడ్‌లోనూ మయామీ పక్కనున్న డొరాల్‌లోనూ వారి అంగళ్లు, బేకరీలు వీధుల పొడవునా కనిపిస్తాయి. 2002-03 నాటి సమ్మె తరువాత ప్రభుత్వ చమురు సంస్థ పెదెవేసా 18,000 మందికి పైగా ఉద్యోగులను తొలగించడంతో, వారిలో అనేకులు హ్యూస్టన్ వంటి చమురు నగరాలకు చేరారు. అందుకే కేటీని ఇక్కడివారు సరదాగా 'కేటీజువెలా' అంటారు. తెలుగువారు కూడా ఇదే పట్టణంలో ఎక్కువగా ఉండడం వల్ల ఒకే కమ్యూనిటీ హాలులో ఒక శనివారం ఉగాది, మరొక శనివారం వారి డిసెంబరు పండుగ జరగడం మామూలే.

ఏ వెనెజువెలా?

మొదటి సమావేశంలోనే తేల్చుకోవలసిన ప్రశ్న ఇది. దేశం మొత్తాన్ని రెండు గంటల్లో చూపిస్తామన్న ఆశను మొదటే వదులుకోండి. ఒకే వేదిక మీద పావుగంట బతుకమ్మ, పావుగంట కూచిపూడి, పావుగంట థింసా వేసి 'తెలుగు నృత్యం' అని పేరు పెడితే చూసేవారికి రంగులు మిగులుతాయి తప్ప మరేమీ మిగలదు. ఒక ప్రాంతాన్ని గానీ, ఒక పండుగను గానీ, ఒక వాద్యాన్ని గానీ పట్టుకొని సాయంత్రమంతా దాని చుట్టూ నడపడం మేలు.

ఈ ఎంపికకు క్యాలెండరే సగం దారి చూపిస్తుంది. జూన్ నెల ఆఫ్రికా మూలాలున్న డోళ్ల కాలం: 24న సాన్ హువాన్ పండుగ, 29న గ్వారెనాస్, గ్వాతిరె పట్టణాల్లో సాన్ పెద్రో ఊరేగింపు. ఈ ఊరేగింపులో మరియా ఇగ్నాసియా అనే బానిస తల్లి వేషాన్ని ఒక పురుషుడు ధరించి, చేతిలో బొమ్మను ఎత్తుకొని నడుస్తాడు. జబ్బుపడిన బిడ్డ కోలుకున్నందుకు ఆ తల్లి మొక్కు చెల్లించుకున్న గాథ అది. యునెస్కో 2013లో దీన్ని మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. సాన్ హువాన్ ఉత్సవాలను 2021లో చేర్చింది. జనవరి మొదటి తేదీ నుంచి ఫిబ్రవరి 2 వరకు ఆండీస్ పర్వతప్రాంతపు ఇళ్లలో బాలయేసు బొమ్మను వస్త్రంలో ఊరేగించి తొట్టిలో నిలబెట్టే 'పరదూరా' జరుగుతుంది. వయొలిన్, పద్యాలు, మధురమైన వైన్ తప్ప మరే హంగూ లేని ఈ వేడుక చిన్న హాలుకు సరిగ్గా సరిపోతుంది. కార్నివాల్ రోజులకు ఎల్ కయావో పట్టణం ఉంది. బంగారు గనుల కోసం కరీబియన్ దీవుల నుంచి వచ్చినవారి వారసులు అక్కడ కలిప్సో పాడతారు, ఆ పాటల్లో స్పానిష్‌తో పాటు ఇంగ్లీషు కూడా కలగలిసి ఉంటుంది కాబట్టి విదేశీ ప్రేక్షకులకు సులువుగా అందుతుంది.

ఇక నవంబరు, డిసెంబరు నెలలైతే మరో ఆలోచన అక్కరలేదు, గైతా అనే పండుగ పాటలే. మరకైబో నగరంలో చికిన్‌కిరా మాత పండుగ నవంబరు 18న జరుగుతుంది, ఆ ఊపు క్రిస్మస్ దాకా సాగుతుంది. గైతాను గైతాగా నిలబెట్టేది 'ఫుర్రో' అనే వాద్యం. డోలు వంటి పీపాకు తోలు బిగించి, ఆ తోలు నడుమ ఒక సన్నని కర్రను నిలబెడతారు. వాయించేవాడు అరచేతులకు మైనం రాసుకొని ఆ కర్రను పైనుంచి కిందికి నిమురుతుంటే, తోలు అదిరి ఎద్దు రంకె వంటి లోతైన ధ్వని పుడుతుంది. విదేశీ ప్రేక్షకుల్లో పిల్లలెవరైనా ఉంటే విరామంలో ఈ వాద్యం దగ్గరికే పరుగెత్తుతారు, కాబట్టి ఒక ఫుర్రోను ముట్టుకొని చూడడానికి ప్రత్యేకంగా కేటాయించండి. కచేరీలో వాడే ఫుర్రోను మాత్రం ఇవ్వకండి. గైతా పాటల్లో భక్తితో పాటు పాలకుల మీద ఫిర్యాదు కూడా ఉంటుంది. 1969 నవంబరు 8న మరణించిన రికార్దో అగిర్రె పాడిన 'లా గ్రెయ్ సూలియానా' మాతకు చేసిన మొర, అదే సమయంలో నిలదీత. ఆయన వర్ధంతినే గైతా కళాకారుల దినంగా పాటిస్తారు. పండుగ పాటే కదా అని అర్థం చూడకుండా స్పాన్సరు ప్రసంగానికి ముందో వెనకో దాన్ని ఇరికించడం సరికాదు.

హొరోపో వేదిక

నెలతో సంబంధం లేకుండా ఎప్పుడైనా నిలబడేది హొరోపో. వెనెజువెలా జాతీయ నృత్యంగా పేరున్న హొరోపో నిజానికి ఒకటి కాదు. యానోస్ అనే పచ్చికమైదానాల హొరోపోలో హార్ప్, క్వాత్రో అనే చిన్న తీగవాద్యం, మరాకస్ అనే గిలక్కాయలు ఉంటాయి. కరాకస్‌కు దగ్గరగా ఉన్న తుయ్ లోయలలో లోహపు తీగల హార్ప్‌కు మరాకస్, గొంతు మాత్రమే తోడు. తూర్పు తీరంలో మాండలిన్ ముందుకు వస్తుంది. ఆహ్వానపత్రంలో ఏ హొరోపో అన్నది రాయండి. యానోస్ మైదానాలు కొలంబియాలోకీ విస్తరించి ఉన్నాయి కాబట్టి ఈ సంగీతం రెండు దేశాల ఉమ్మడి సొత్తు. ఊళ్లో కొలంబియా కళాకారులుంటే వారిని కూడా పిలవండి, పైగా హార్ప్ వాయించేవారు దొరకడమే కష్టం.

వేదికను చూడడానికి వెళ్లినప్పుడు తలెత్తి దీపాలు చూడకముందు తల వంచి నేలను చూడండి. హొరోపో నర్తకులు మొదట జంటగా వాల్ట్స్ చుట్టు తిరుగుతారు, తరువాత చీపురుతో ఊడ్చినట్టు పాదాలను నేల మీద సన్నగా రాస్తారు, ఆపై పురుషుడు మడమలతో, పాదాలతో నేలను తాటించే 'సపతేయో' వస్తుంది. ఈ మూడోది వినబడకపోతే సంగీతంలో ఒక వాద్యం మాయమైనట్టే. మేము తీసుకున్న హాలులో వేదికంతా తివాచీ పరిచి ఉంది. నర్తకుడు చెమటలు కక్కుతూ ఆడితే మెత్తని దిండు మీద కొట్టినట్టు చప్పుడే లేదు. మరుసటి ఏడు నాలుగు ప్లైవుడ్ పలకలను కింద సన్నని చెక్కబద్దలతో బిగించి, అంచులు కాలికి తగలకుండా టేపు వేసి, నేలకు దగ్గరగా ఒక మైకు పెట్టాం. ఖర్చు తక్కువ, తేడా ఎక్కువ.

హార్ప్ విషయంలో ఓపిక కావాలి. సంప్రదాయ యానోస్ హార్ప్‌కు సాధారణంగా 32 తీగలుంటాయి, పాశ్చాత్య కచేరీ హార్ప్‌కు ఉన్నట్టు శ్రుతి మార్చే పెడళ్లు ఉండవు. ఒక శ్రుతి నుంచి మరో శ్రుతికి వెళ్లాలంటే కావలసిన తీగలను ఒక్కొక్కటిగా బిగించుకోవలసిందే. అందుకే పాటల వరుసను కథను బట్టి మీరు ముందే నిర్ణయించకుండా, ఒకే శ్రుతిలో ఉన్న పాటలను పక్కపక్కన అమర్చే పనిని హార్పిస్టుకే వదిలేయండి. శ్రుతి మారే చోట కవిత పఠనమో, మరాకస్ ఏకవాదనమో పెట్టండి. వాద్యాన్ని రెండు గంటల ముందే హాలులోకి తెచ్చి ఆ చల్లదనానికి అలవాటు పడనివ్వండి. ఎయిర్‌కండిషనర్ గాలి సూటిగా తగిలే చోట నిలపకండి. మందర తీగలకు ఒకటి, తార తీగలకు ఒకటి చొప్పున రెండు మైకులు అవసరం, ఎందుకంటే హొరోపోలో బరువంతా మోసే ఆ కింది తీగలే పెద్ద హాలులో ముందుగా మునిగిపోతాయి. మరాకస్‌ను చాలామంది సౌండ్ ఇంజినీర్లు పక్కవాద్యమనుకొని వదిలేస్తారు. అలా వదలకండి, రెండు చేతుల్లోని మరాకాల నాదం వేరువేరుగా ఉంటుంది, మంచి వాద్యకారుడు వాటితో మాట్లాడిస్తాడు.

క్వాత్రో అంటే నాలుగు. గిటారు తమ్ముడిలా కనిపించే ఈ నాలుగు తీగల వాద్యాన్ని శ్రుతి చేసేటప్పుడు ప్రతి వెనెజువెలా పిల్లవాడూ 'కామ్-బుర్-పిన్-తోన్' అని పాడుకుంటాడు. ఆ మాటకు దోర అరటిపండు అని అర్థం. స్వరాలు ఎ, డి, ఎఫ్ షార్ప్, బి. చివరి స్వరం ఇంకా పైకి పోకుండా కిందికి దిగి నిలవడంలోనే క్వాత్రో గొంతు ఉంది. సభ ఆరంభంలో వాద్యకారుడి చేత ఈ నాలుగు అక్షరాలను తీగ తీగగా మీటించి, ప్రేక్షకులందరి చేతా పాడించండి. రెండు నిమిషాలు చాలు. ప్రవాసులు తమ ఇంటి వరండాలోకి వెళ్లిపోతారు, కొత్తవారికి ఆ వాద్యం ఇక పరాయిది కాదు. ఒకే చర్య రెండు రకాల ప్రేక్షకులకూ పనికివచ్చే ఇటువంటివి సభకు మూడు దొరికినా గొప్పే.

తాళం గురించి ఒక హెచ్చరిక. హొరోపోలో ఆరు మాత్రలు ఒక్కోసారి 'తకిట తకిట' అని మూడు మూడుగా, ఒక్కోసారి 'తక తక తక' అని రెండు రెండుగా విరుగుతాయి, తరచు రెండూ ఒకేసారి వేర్వేరు వాద్యాల్లో నడుస్తాయి. లయ తెలిసిన మన మృదంగ విద్యార్థులకు ఇది వెంటనే పట్టుబడుతుంది, వారికి చెప్పి చూడండి, కళ్లు మెరుస్తాయి. మిగతా హాలు చప్పట్లు కొడితే మాత్రం ఎక్కడో ఒకచోట తప్పుతుంది, తప్పిన చప్పట్లు నర్తకుల అడుగులను కూడా తప్పిస్తాయి. కాబట్టి హొరోపో నడుస్తుండగా 'అందరూ చప్పట్లు కొట్టండి' అని వ్యాఖ్యాత అరవకూడదు.

ఇద్దరు గాయకుల మధ్య ఆశువుగా సాగే 'కోంత్రపున్తేయో' దొరికితే దాన్ని సభకు నడిమిఘట్టంగా పెట్టండి. ఎదుటివాడు వదిలిన చివరి పాదాన్ని అందుకొని, అదే ప్రాసలో బదులు చెప్పాలి, తడబడినవాడు ఓడినట్టు. అవధానం చూసిన తెలుగువారికి దాని రుచి చెప్పనక్కరలేదు. అప్పటికప్పుడు పుట్టే పద్యానికి ముందుగా అనువాదం సిద్ధం చేయలేము కాబట్టి తెర మీద అక్షరాలకు బదులు, రెండు మూడు వంతుల కొకసారి వాద్యాలు మాత్రమే మోగే చోట, రెండు భాషలూ తెలిసిన ఒకరు ఎవరు ఎవరిని ఏమని ఎత్తిపొడిచారో ఒక్క వాక్యంలో చెప్పాలి. ఆ ఒక్క వాక్యం చెప్పేవారిని జాగ్రత్తగా ఎంచుకోండి. హాస్యం తెలిసినవారు కావాలి, పండితులు కానక్కరలేదు.

వేదికెక్కించకూడనివి

పోస్టర్లకు అందంగా ఉంటాయని చాలామంది ముందుగా అడిగేది కొమ్ముల ముసుగులు, ఎర్రని దుస్తులు వేసుకున్న నర్తకులను. కార్పస్ క్రిస్టీ అనే కాథలిక్ పండుగ జరిగే గురువారం నాడు సాన్ ఫ్రాన్సిస్కో దె యారె వంటి ఊళ్లలో దెయ్యాల వేషం కట్టి ఆడి, చివరకు చర్చి ముందు దివ్యసత్ప్రసాదానికి లొంగి మోకరిల్లే సోదరసంఘాలు పదకొండు ఉన్నాయి. 2012లో యునెస్కో జాబితాలో చేరిన వెనెజువెలా సంప్రదాయం ఇదే. ఆ వేషం మొక్కు. అనారోగ్యం నయమైనందుకో, కోరిక తీరినందుకో ఇన్నేళ్లు ఆడతానని మాట ఇచ్చినవాడు ఆడతాడు. ఊరి పోతరాజును పెళ్లి సంగీత్‌లో ఆడమని ఎవరైనా అడిగితే మనకు ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది వారికి. సంఘం సభ్యులే తమంత తాము వచ్చి ప్రదర్శిస్తే అది వేరు విషయం. లేనప్పుడు కాగితపు గుజ్జుతో చేసిన ముసుగులను ప్రదర్శనగా పెట్టి, చేసినవారి పేరు, ఊరు రాసి, ఊరేగింపు వీడియో చూపించడమే మర్యాద. పిల్లలకు ముసుగులు తయారుచేసే శిబిరం నడపవచ్చు. అప్పుడు కూడా ఆ మొక్కు సంగతి ముందుగా చెప్పాలి.

ఎవరి సంస్కృతో తేల్చుకోకుండా అన్నీ 'లాటిన్' అనే గంపలో వేయడం మరొక పొరపాటు. మా మొదటి పోస్టరులో డిజైనర్ పెద్ద అంచుల మెక్సికో టోపీ, బ్రహ్మజెముడు మొక్క వేసి పంపారు, మేము గమనించకుండా ముద్రణకు పంపించాం. వెనెజువెలా పురుషుల సంప్రదాయ దుస్తు 'లికి లికి', నిలువు కాలరుతో మెడ దాకా గుండీలు పెట్టుకునే కోటు, దానికి జత ప్యాంటు. పొరుగున ఉన్న కొలంబియా రచయిత గాబ్రియెల్ గార్సియా మార్కెస్ 1982లో నోబెల్ బహుమతి అందుకున్నప్పుడు ధరించినది ఇదే కాబట్టి విదేశీయులకు ఆ ఫోటో చూపితే చటుక్కున గుర్తుపడతారు.

శాస్త్రీయ సంగీత సభల్లో కూడా ఇదే జాగ్రత్త పనికివస్తుంది. హోసె అంతోనియో అబ్రెయు 1975లో ప్రారంభించిన 'ఎల్ సిస్తెమా' సంగీత శిక్షణ వ్యవస్థలో పెరిగిన వాద్యకారులు ఇప్పుడు అనేక దేశాల్లో స్థిరపడ్డారు; మీ నగరంలో వెతికితే ఒకరిద్దరైనా దొరుకుతారు. గుస్తావో దుదమెల్ నడిపిన సిమోన్ బొలీవర్ ఆర్కెస్ట్రా వల్ల ప్రపంచానికి పరిచయమైన హుషారు ముక్కలు మాత్రం చాలావరకు వెనెజువెలావి కావు. 'దాన్సోన్ నెంబర్ 2' మెక్సికో సంగీతకర్త అర్తూరో మార్కెస్‌ది, 'మాంబో' అమెరికన్ లెనర్డ్ బెర్న్‌స్టీన్‌ది. వెనెజువెలా రచనలే కావాలంటే గిటారుకు అంతోనియో లౌరో వాల్ట్స్‌లు ఉన్నాయి, ఆర్కెస్ట్రాకు ఇనోసెంతె కరేన్యో, ఎవెన్సియో కస్తెయానోస్ రచనలు ఉన్నాయి. చిన్న సభకు ఒక్క గిటారిస్టు, లౌరో వాల్ట్స్‌లు నాలుగు చాలు.

వ్యాఖ్యానం

రెండు భాషల సభల్లో వ్యాఖ్యాతలు చెప్పినదే మళ్లీ చెప్పడం ఒక తెగులు. మన తెలుగు సంఘాల వేదికల మీద దీన్ని ఎన్నిసార్లు భరించామో లెక్కలేదు. వెనెజువెలా సభలో స్థానిక భాషలో చెప్పేది వేరుగా, స్పానిష్‌లో చెప్పేది వేరుగా ఉండాలి. స్థానిక భాషలో ఈ పాట ఎక్కడిది, ఎప్పుడు పాడతారు, ఏ మాట కోసం చెవి ఒగ్గాలి అన్నది చెప్పండి. స్పానిష్‌లో యానోస్ రాష్ట్రాలైన అపూరె, బరీనాస్, గ్వారికో నుంచి వచ్చినవారు ఎవరని అడగండి, చేతులెత్తనివ్వండి, ఒక పాటను వారికి అంకితమివ్వండి. అంశానికి ఒక నిమిషం మించి మాట్లాడకూడదన్న నియమాన్ని నేనైతే గడియారం పెట్టి అమలు చేస్తాను.

పాలు పితికేటప్పుడు ఆవును పేరు పెట్టి పిలుస్తూ పాడే పాటల నుంచి పుట్టిన 'తొనాదా'ను గాయకుడు సిమోన్ దియాస్ (1928-2014) దేశమంతటికీ తీసుకువచ్చారు. యానోస్ పశుపాలకుల ఈ శ్రమగీతాలను కొలంబియా, వెనెజువెలాల ఉమ్మడి వారసత్వంగా, తక్షణ రక్షణ అవసరమైన వాటిగా 2017లో యునెస్కో గుర్తించింది. ఇటువంటి పాటకు ముందు వాద్యాలన్నీ ఆపించి, దీపాలు తగ్గించి, ఒక్క గొంతుతో మొదలుపెట్టించండి; వివరణ పాట తరువాత ఇవ్వండి. ఆయన 'కబాయో వియెహో' పాట గురించి చెప్పేటప్పుడు, జిప్సీ కింగ్స్ బృందం 'బాంబోలేయో'లో విన్న బాణీకి మూలం ఇదేనని ఒక మాట చేర్చితే హాలులో తలలు ఊగుతాయి.

కరపత్రంలో పేర్లను స్థానికులు పలకగలిగేలా రాయండి. హల్లాకా అని రాసి ఉన్నా పలికేది 'అయాకా'. జొరొపో అని కనబడినా 'హొరోపో'.

బొమ్మలు, తెర

కరాకస్‌కు చేరువలోని మైకెతియా విమానాశ్రయంలో కార్లోస్ క్రూస్-దియేస్ (1923-2019) రూపొందించిన రంగుపలకల నేల ఉంది. దేశం విడిచి వెళ్లేవారు విమానం ఎక్కేముందు ఆ చారల మీద తమ పాదాలను ఫోటో తీసుకోవడం ఒక ఆచారంగా మారింది. ప్రదర్శనకు పెద్ద బడ్జెట్ లేకపోతే ఇదే ప్రదర్శన: మీ ఊళ్లోని ప్రవాసులను ఆ పాదాల ఫోటోలు అడిగి, వెళ్లిన సంవత్సరం మాత్రం కింద రాసి, పేర్లు లేకుండా ఒక గోడంతా పెట్టండి. పేర్లు వద్దనడానికి కారణం ఉంది, అందరి వలస పత్రాలూ ఒకేలా ఉండవు.

క్రూస్-దియేస్, హెసూస్ సోతో (1923-2005) వంటి వారి చలనకళ చూసేవాడు కదిలితేనే పనిచేస్తుంది. రంగు అక్కడ గోడ మీద కాదు, నడిచేవాడి కంటిలో మారుతుంది. స్లైడ్ మీద ఆ చిత్రాన్ని చూపిస్తే చారల గుడ్డలా ఉంటుంది. కాబట్టి నడుస్తూ తీసిన వీడియో చూపించండి, లేదా పిల్లల చేత రెండు రంగుల కాగితాన్ని విసనకర్రలా మడిపించి, ఒక పక్క నుంచి ఒక రంగు, రెండో పక్క నుంచి మరో రంగు కనబడేలా చేయించండి. పదిహేను నిమిషాల్లో ఆ కళ కిటుకు వారికి ఏ ఉపన్యాసమూ చెప్పలేనంత స్పష్టంగా తెలుస్తుంది.

సినిమా వేయదలిస్తే మార్గోత్ బెనసెర్రాఫ్ 1959లో తీసిన 'అరాయా' ఉంది. ఉప్పు కయ్యల్లో బతుకు సాగించే కుటుంబాల గురించిన ఆ నలుపు తెలుపు చిత్రానికి ఆ ఏడాది కాన్ ఉత్సవంలో అంతర్జాతీయ విమర్శకుల బహుమతి వచ్చింది. డీవీడీ చేతిలో ఉన్నంత మాత్రాన బహిరంగంగా ప్రదర్శించే హక్కు రాదు, పంపిణీదారు నుంచి అనుమతి తీసుకోవాలి.

వంటకాలు

అరేపా అనే మొక్కజొన్న రొట్టెకు కావలసింది ముందే ఉడికించి పొడి చేసిన మొక్కజొన్న పిండి. మెక్సికో టోర్టియా పిండితో ప్రయత్నించకండి, సున్నపు వాసన వస్తుంది, వెనెజువెలా అతిథులు మొదటి ముద్దకే పట్టేస్తారు. నల్ల చిక్కుడు గింజలు, తెల్ల జున్ను పెట్టిన అరేపాను 'దోమినో' అంటారు. శాకాహారులకు అది సిద్ధంగా ఉన్న సమాధానం, మా తెలుగు కుటుంబాలు ఆ రాత్రి దానితోనే గట్టెక్కాయి. జున్ను చుట్టూ పిండి చుట్టి వేయించే తెకెన్యోలు లేని విందు వారికి విందే కాదు కనుక, మీరు వేసిన లెక్క మీద మరో సగం కలపండి.

డిసెంబరు సభైతే అయాకా తప్పదు. జాఫ్రా గింజల నూనెతో ఎరుపెక్కిన మొక్కజొన్న ముద్దను అరటి ఆకు మీద పలుచగా వత్తి, నడుమ గొడ్డుమాంసం, పందిమాంసం, కోడిమాంసం కలిపి వండిన కూర, ఆలివ్, కిస్‌మిస్ పెట్టి, ఆకు మడిచి దారంతో కట్టి ఉడికిస్తారు. ఒకరు ఆకు తుడవాలి, ఒకరు పిండి వత్తాలి, ఒకరు కట్టాలి. ఇంటిల్లిపాదీ కూర్చుంటేనే పని సాగుతుంది. ఈ వరుసను విరామంలో ఒక బల్ల మీద కళ్లముందు చేసి చూపించండి. అమ్మేవి మాత్రం లైసెన్సు ఉన్న వంటవారి నుంచి తెప్పించండి, లోపల ఏ మాంసాలున్నాయో పెద్ద అక్షరాలతో రాసిపెట్టండి.

కాగితాల పని, జెండా

జానపదమని అందరూ అనుకునే పాటల్లో చాలావాటికి రచయితలున్నారు, కాబట్టి ప్రదర్శన హక్కుల రుసుము ఎవరు కడతారో హాలు ఒప్పందంలోనే చూసుకోండి. అమెరికాలో ఆస్క్యాప్, బీఎంఐ వంటి సంస్థల లైసెన్సు చాలా హాళ్లకు ముందే ఉంటుంది. మొదటి సభకు మీ దేశంలోనే స్థిరపడిన కళాకారులను పిలవండి. కరాకస్ నుంచి రప్పించాలంటే పాస్‌పోర్టు, వీసా పనులకు నెలలు పడతాయి. అమెరికాకైతే సంప్రదాయ కళాకారుల కోసం పి-3 అనే వీసా ఉంది. వీసా అక్కరలేని దేశాలకు కూడా, పర్యటనకు రావడం వేరు, పారితోషికం తీసుకొని ప్రదర్శించడం వేరు. పారితోషికం తప్పక ఇవ్వండి. మన సంఘంవారే కదా, పేరు వస్తుంది కదా అని ఇల్లు వదిలి వచ్చిన హార్పిస్టును ఉచితంగా వాయించమనడం నాకు నచ్చని అలవాటు.

యానోస్ మరాకస్ లోపల ఉండేవి మన పెరళ్లలో పెరిగే మెట్టతామర విత్తనాలు, అందుకే వాటికి అక్కడ 'కపాచోస్' అనే పేరు. ఆస్ట్రేలియా వంటి దేశాల సరిహద్దుల్లో విత్తనాలను, తోలును గట్టిగా తనిఖీ చేస్తారు కనుక వాద్యాలను ముందుగా ప్రకటించకపోతే అక్కడే ఆగిపోతాయి.

జెండా గురించి సభకు వారం ముందే మాట్లాడుకోండి. పసుపు, నీలం, ఎరుపు పట్టీల నడుమ ఏడు నక్షత్రాలుండేవి; 2006లో ప్రభుత్వం ఎనిమిదో నక్షత్రాన్ని చేర్చింది. ప్రవాసుల్లో అనేకులు ఇప్పటికీ ఏడు నక్షత్రాల జెండానే ఎగరేస్తారు, దాన్నిబట్టే ఎవరు ఏ పక్షమో ఊహించుకునేవారూ ఉంటారు. కళాసభ కళాసభగానే జరగాలని కమిటీ కోరుకుంటే నక్షత్రాలు లేని మూడు రంగుల రిబ్బన్లతో వేదికను అలంకరించడం సులువైన మార్గం. ప్రేక్షకులు తమ సొంత జెండాలు తెస్తే, ఏది తెచ్చినా ఎవరూ లెక్కపెట్టకూడదని ద్వారం దగ్గరి వలంటీర్లకు చెప్పండి.

చివరి అరగంట

'ఆల్మా యానేరా' ఇప్పుడు వేయండి. దానికి ముందు వ్యాఖ్యాత స్థానిక భాషలో రెండు వాక్యాలు చెప్పాలి: ఇది వెళ్లిరమ్మని చెప్పే పాట, మీ పక్కవారు లేచి కౌగిలించుకుంటే కంగారుపడకండి. పల్లవిని పలకడానికి వీలుగా తెర మీద చూపండి, హాలు దీపాలన్నీ వెలిగించండి. పాట అయిన వెంటనే ఎవరూ కదలరు. తలుపు దగ్గర, కారు దగ్గర, మళ్లీ తలుపు దగ్గర వీడ్కోళ్లు సాగుతాయి, క్వాత్రో ఉన్నవాడు మరో పాట ఎత్తుకుంటాడు. హాలు అద్దెకు తీసుకునేటప్పుడు ఆ తతంగానికి కనీసం నలభై నిమిషాలు కలిపి రాయించుకోండి, కాపలాదారుకు తెకెన్యోలు నాలుగు విడిగా తీసిపెట్టండి.